కూర్చున్నందుకు కుడుములు

గోరేబాళ క్యాంపు
4 ఆగస్టు 2024, ఆదివారం

మా ఇంటి వెలుగు కుసుమకు నాన్న నిండు మనసుతో దీవించి రాస్తున్నది.

అమ్మా, నువ్వు పంపిన వీడియో చూశాను. చూశానంటే ఒకసారి కాదు, మీ అమ్మ ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో దాచేదాకా చూశాను. నా మనవరాలు లహరి చాప మీద కూర్చుంది! గోడకు ఆనుకోలేదు, వెనక దిండు లేదు, ఎవరి చెయ్యీ లేదు. మహారాణిలా కూర్చుని స్టీలు గ్లాసుతో నేలను బాదుతోంది. నాకు చెవుడని అందరూ అంటారు గానీ ఆ చప్పుడు నాకు బ్రహ్మాండంగా వినపడింది.

ఆగలేకపోయాను తల్లీ. పంచె పైకి కట్టి పొలానికి పరిగెత్తాను. మీ అన్నయ్య చంద్రమోహన్ నాట్లు వేయిస్తున్నాడు. మడిలో ఆడవాళ్ళంతా నడుములెత్తి చూశారు. "ఏమైంది రంగన్నా, పాము గిట్ల కరిచిందా ఏంది?" అని ఒకామె అరిచింది. "పాము కాదు, నా మనవరాలు కూర్చుంది!" అని నేనూ అరిచాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చూసుకోనీ. మీ అన్నయ్య మాత్రం నారు కట్ట చేతిలోంచి జారవిడిచి, బురద చేతులతోనే నన్ను పట్టుకున్నాడు. నా చొక్కా పాడైంది. ఉతకనివ్వలేదు నేను.

ఇక అసలు సంగతి. పిల్ల కూర్చుంటే పుట్టింటివాళ్ళు కుడుములు తీసుకెళ్ళాలి. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఈ కన్నడ సీమలో కాలవ కిందికి పొలానికి వచ్చినప్పుడు ఎడ్లతోపాటు ఈ ఆచారాన్నీ తోలుకొచ్చాడు. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, చుట్టూ కుడుములు పేర్చి, వీధిలో పిల్లలందరినీ పిలిచి ఎత్తుకుపొమ్మనాలి. నీకూ చేశాం, మీ అన్నయ్యకూ చేశాం. లహరికి మూడున్నరేళ్ళు వచ్చాయి, ఇన్నాళ్ళూ ఆ పీట ఎదురుచూసింది. వచ్చే ఆదివారం బుట్ట నింపుకుని వస్తున్నాను. నువ్వేమీ చేయకు, వాకిలి ఊడ్చి ఉంచు, అంతే.

ఫోనులో చెప్పాలంటే నువ్వు అరవాలి, అరిస్తే క్వార్టర్సంతా వింటుందని నీకు బెరుకు. అందుకే ఎప్పటిలాగే కాగితం. మన పక్కింటి నింగవ్వ తమ్ముడి కొడుకు దుర్గేశ్, మీ శక్తినగర్‌లో కంపెనీ బస్సు నడిపేవాడు, ఆదివారమని ఊరికి వచ్చాడు. అతని చేతికిస్తున్నాను.

అల్లుడు రమేష్‌బాబు గారికి, మీ అత్తగారు పున్నమ్మ చెల్లెమ్మ గారికి నమస్కారాలు. లహరికి ఎన్ని ముద్దులో రాయలేను.

సంతోషం పట్టలేని
మీ నాన్న రంగయ్య


శక్తినగర్
10 ఆగస్టు, శనివారం

నాన్నకు, కుసుమ.

మీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత ఏం చేయాలో తోచలేదు. నాన్నా, రేపు రావద్దు.

ఆ వీడియో అమ్మకు పంపాను, నాట్ల మడికి కాదు. లహరి కూర్చున్న మాట నిజమే. కాసేపు కూర్చుంటుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, నేను పట్టుకుంటాను. దానికే మీరు బుట్ట ఎత్తుకుని బయలుదేరితే ఎలా?

అత్తయ్యకు మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ వింటూ వింటూ చిక్కుడుకాయలు తుంచడం ఆపేశారు. "ఏడో నెలలో చేయాల్సిన ముచ్చట మూడున్నరేళ్ళకు చేస్తే, వచ్చినవాళ్ళు కుడుములు తింటారా, మనల్ని తింటారా?" అన్నారు. ఆవిడ చెడ్డదని కాదు. ఇక్కడ గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు. ఎదురింటి బాబు ఎనిమిదో నెలలోనే గేటు పట్టుకుని నిలబడ్డాడు, వాళ్ళమ్మ రోజూ నా ముందే దిష్టి తీస్తుంది. నేను లహరిని ఎత్తుకుని వాకిట్లోకి వస్తే మాటలు ఆగిపోతాయి. అందుకే ఎక్కువగా వెనక గదిలోనే ఉంటాం. అక్కడ దానికీ హాయి, నాకూ హాయి.

మీ అల్లుడు బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు.

నడక వచ్చాక అన్నీ కలిపి ఒకేసారి చేద్దాం. అంతవరకు ఆగండి. కాళ్ళకు నూనె రాసుకుంటున్నారా? అమ్మను మందులు మానవద్దనండి.

మీ
కుసుమ


గోరేబాళ క్యాంపు
11 ఆగస్టు, ఆదివారం

అమ్మా కుసుమా,

రావద్దన్నావు, ఆగాను. బట్టలు కట్టుకుని, చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పేశాను. కానీ నోరు మూసుకుని ఉండమంటే మాత్రం నా వల్ల కాదు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు పిల్లను చూసి సిగ్గుపడుతున్నావా? వెనక గది హాయి అంటావేమిటి? ఎదురింటి బాబు గేటు పట్టుకుంటే వాళ్ళు దిష్టి తీసుకున్నారు, బాగుంది. వాడు ఊరికే నిలబడ్డాడు. నా మనవరాలు ఎంత కష్టపడి కూర్చుంది! ఆ నూనెలు, ఆ వ్యాయామాలు, రాయచూరు ఆసుపత్రికి వెళ్ళే బస్సులో ఆ ఏడుపులు! కష్టపడి గెలిచినవాడికి దండ వేస్తారా, ఊరికే వచ్చినవాడికి వేస్తారా? అయిదో తరగతి చదివిన నాకు తెలిసింది కంపెనీ క్వార్టర్సుకు తెలియదా?

నువ్వు రావద్దన్నావని మీ అమ్మ నాకు సాయం చేయడం మానేసింది. "కన్నపిల్ల వద్దన్నాక నేను పిండి తడపను. నీకంత సరదాగా ఉంటే నువ్వే వండుకో" అంది. సరే, నేనే వండుతానన్నాను. ఇవాళ పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్నాను. కొత్త సోనా బియ్యం పిండి పట్టించి ఎసట్లో పోస్తే అది జిగురై గరిటెను వదలదు. పూర్ణం లోపల పెట్టి మూస్తే నా వేళ్ళు కూడా లోపలే ఉండిపోయాయి. మీ అమ్మ వసారాలో కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. సాయం లేదు, నవ్వు మాత్రం ఉంది.

ఆ నవ్వు విని నింగవ్వ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏంది రంగన్నా, గోడలకు పూస్తవా ఈ పిండి? పాత బియ్యం పట్టించాలె. నీళ్ళు కుతకుత ఉడికినంక పొయ్యి తగ్గించి పొయ్యాలె. జర నూనె చెయ్యికి రాసుకో. అయ్యో శివనే, మొగోళ్ళకెందుకీ కడుబు పని!" అని లోపలికి వచ్చి గిన్నె లాక్కుంది. మన కుడుములాంటిదే వాళ్ళ కడుబు. ఎవరికోసమని అడిగితే, మా కుసుమ ఇంటికని చెప్పాను. ఆవిడ మొహం పూవులా విచ్చుకుంది. చెయ్యి తుడుచుకుని నా చేతులు పట్టుకుంది. చూశావా, పరాయి మనిషికి కూడా ఎంత సంతోషమో! నేర్చుకోండి మీరంతా.

చేసినవాటిలో రెండు మూడు నిలబడ్డాయి. వాటిని దుర్గేశ్ తిన్నాడు, బాగున్నాయన్నాడు. మిగతావి గేదె తిన్నది. అదీ బాగున్నాయనే అనుకుంటాను.

వచ్చే వారానికి చెయ్యి కుదురుతుంది. మనసు మార్చుకో తల్లీ.

పట్టు వదలని
మీ నాన్న


శక్తినగర్
17 ఆగస్టు, శనివారం

నాన్నా,

మీరు ఏం చేశారో మీకు తెలుసా?

బుధవారం పొద్దున ఈ వరుస ఇళ్ళ ఆడవాళ్ళు నలుగురు పూలు, గాజులు పట్టుకుని వచ్చారు. "మీ పుట్టింట్లో కడుబులు చేస్తున్నారటగా, మాకు చెప్పనేలేదే" అన్నారు. నాకు అర్థం కాలేదు. కూర్చున్నారు, నా కడుపు వైపు చూశారు. ఒకావిడ నా చెయ్యి నిమిరి, "దేవుడున్నాడమ్మా, ఈసారి బంగారంలాంటి బిడ్డ పుడుతుంది చూడు" అంది.

లహరి నా ఒళ్ళోనే ఉంది నాన్నా.

నాకు మళ్ళీ నెల తప్పిందని బస్సులో దుర్గేశ్ చెప్పాడట. నింగవ్వ చెప్పిందట అతనికి. నింగవ్వకు మీరేం చెప్పారు? వాళ్ళు వెళ్ళాక అత్తయ్య నా దగ్గరికి వచ్చి మెల్లగా, "నిజమేనా?" అని అడిగారు. లేదన్నాను. ఆవిడ మొహంలో దీపం ఆరిపోయింది. అది నేను చూడాల్సి వచ్చింది.

సిగ్గు అన్నారు మీరు. ఆ మాట మీ నోట వస్తుందనుకోలేదు. నాకు సిగ్గు లేదు నాన్నా, భయం. మిమ్మల్ని చూసి భయం. కూర్చుంది కాబట్టి రేపు నిలబడుతుంది, ఎల్లుండి నడుస్తుంది, ఆ పైన బడికి పరిగెడుతుంది అని మీరు లెక్కలు వేసుకుంటున్నారని నాకు తెలుసు. ఇక వినండి. పోయిన ఏడాదే డాక్టరు గారు చెప్పారు. లహరి ఎప్పటికీ నడవకపోవచ్చు. మీకు చెప్పలేదు. మీ సంతోషం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. నడక వచ్చాక చేద్దామని రాసినప్పుడు కూడా, అది రాదని తెలిసే రాశాను. మిమ్మల్ని ఆపడానికి.

నా పేరు మీద ఒక్క కుడుము కూడా వండకండి.

కుసుమ


గోరేబాళ క్యాంపు
18 ఆగస్టు, ఆదివారం సాయంత్రం

నా తల్లి కుసుమకు,

పొద్దున దుర్గేశ్ నీ ఉత్తరం ఇచ్చాడు. చదివి నేరుగా నింగవ్వ ఇంటికి వెళ్ళాను. ఎందుకలా చెప్పావని అడిగాను.

"మా దిక్కు కడుపుతోటున్న బిడ్డకే పుట్టింటోళ్ళు కడుబు మోస్తరు రంగన్నా. నువ్వు బిడ్డ ఇంటికి కడుబంటివి. నేనేమనుకోవాలె? ఖుషీ ఖబర్ దాచుకుంటున్నరనుకున్న."

"కూర్చున్నందుకు నింగవ్వా. మా మనవరాలు కూర్చుంది, అందుకు!"

"కూసున్నందుకు గూడ పండుగ జేస్తరా మీరు?" అని ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత వీధిలోకి వచ్చి దుర్గేశ్‌ను పట్టుకుని, "నీ నోట్లె మన్నువడ, బస్సు నడపమన్నరా, ఊరి ముచ్చట్లు నడపమన్నరా నిన్ను?" అని వాయించింది. వాడు రేపు బస్సు ఎక్కినవాళ్ళందరికీ నిజం చెబుతానని ఒట్టు పెట్టాడు.

ఇన్నేళ్ళు గోడ పక్క గోడగా ఉన్నాం. వాళ్ళు కడుబు ఎందుకు మోస్తారో మాకు తెలియదు, మేం కుడుము ఎందుకు మోస్తామో వాళ్ళకు తెలియదు. ఆ దెబ్బ నీకు తగిలింది. తగలకూడని చోట తగిలింది.

ఇక నడక సంగతి. నాకు తెలుసమ్మా. పోయిన ఏడాదే తెలుసు. అల్లుడు గారు ఇక్కడికి వచ్చినప్పుడు కాలవ గట్టు మీద కూర్చుని చెప్పారు. చెబుతూ చెబుతూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మామయ్య గారూ, మీకు తెలుసని కుసుమకు తెలియనివ్వకండి, తట్టుకోలేదు అన్నారు. ఆయన నీకోసం దాచారు, నువ్వు నాకోసం దాచావు, నేను మీ ఇద్దరికోసం దాచాను. మొత్తం మీద ఇంట్లో ఎవరికీ తెలియనిది ఏమీ లేదు!

మరి తెలిసి కూడా ఎందుకింత ఎగురుతున్నానంటావా? తెలుసు కాబట్టే ఎగురుతున్నాను. నడిచే పిల్లకు కూర్చోవడం దారిలో వచ్చే ఊరు. బస్సు ఆగుతుంది, పోతుంది, ఎవరూ దిగరు. మన లహరికి అదే చేరాల్సిన ఊరు కావచ్చు. అక్కడికి చేరింది తల్లీ! సామాన్లు దించుకుని, బాజా పెట్టి దిగొద్దూ మనం? రేపు నిలబడితే దానికి వేరే పండగ. నిలబడకపోతే ఈ పండగలో ఒక్క మెతుకు కూడా తగ్గించను. బంగారంలాంటి బిడ్డ పుడుతుందని చెప్పిన ఆవిడకు నా మాటగా చెప్పు, పుట్టింది, మూడున్నరేళ్ళైంది, ఇప్పుడు కూర్చుంటోంది కూడా.

నీ పేరు మీద వండవద్దన్నావు. వండలేదు. లహరి పేరు మీద వండాను, ఇవాళే. నేను నీ ఉత్తరం గట్టిగా చదువుతుంటే మీ అమ్మ ఆ బంగారం మాట దగ్గర లేచింది.  గిన్నె తీసుకుని, పాత బియ్యం పిండి జల్లించి, ఎసరు పెట్టింది. ఇడ్లీ పాత్ర మూత ఎగిరిపడేలా ఉడికించింది. ఆవిడ కోపంగా ఉన్నప్పుడు వంట ఎంత బాగా కుదురుతుందో నీకు తెలుసు.

బుట్ట ఎత్తుకుని బస్టాండు పక్క హోటలు దగ్గరికి వెళ్ళాను. అందరికీ పంచాను. "మనవరాలు కూర్చుందా, ఎన్నో నెల?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. మూడున్నరేళ్ళు అన్నాను. టీ తాగేవాళ్ళంతా గ్లాసులు దించారు. ఆయన ఏదో సణిగాడు. "ఆలస్యమైందనే కదా కుడుము పెద్దది చేసింది, తిను" అన్నాను. తిన్నాడు. ఇంకొకటి అడిగాడు!

నువ్వు పిలిచేదాకా మీ గుమ్మం తొక్కను. అది నీ ఇల్లు, నీ మాటే చెల్లుతుంది. గోరేబాళలో మాత్రం నా మాట చెల్లుతుంది.

సిగ్గు అన్నందుకు ఈ ముసలివాణ్ణి నాలుగు తిట్టు.

మీ
నాన్న


శక్తినగర్
24 ఆగస్టు, శనివారం

నాన్నా,

మీకు కోపం వస్తే రానివ్వండి. మిమ్మల్ని పిలవకుండానే చేసేశాను.

మీ ఉత్తరం చదివాక మీ అల్లుడి ముందు పెట్టాను. ఆయన చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివారు.  తర్వాత ఆయనే, "మీ నాన్న ఆ రోజు గట్టు మీద నాకు ధైర్యం చెప్పలేదు, చెరుకు ముక్క చేతిలో పెట్టి తినమన్నారు" అన్నారు.

గురువారం పొద్దున ఎదురింటావిడ మళ్ళీ వచ్చింది. దుర్గేశ్ నిజం చెప్పాడట, ఆవిడ నమ్మలేదు. "మా దగ్గర దాపరికం ఎందుకు, ఎన్నో నెల చెప్పు" అంది. నేను ఏమనాలో ముందు అనుకోలేదు నాన్నా. "కడుపూ లేదు, ఏమీ లేదు. మా లహరి కూర్చుంది. సాయంత్రం పిల్లలందరినీ పంపండి, కుడుములు పెడతాను" అనేశాను. ఆవిడ వెళ్ళిపోయింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో గుప్పెడు బియ్యప్పిండి లేదు!

మీకు కబురు చేస్తే మీరు వచ్చేసరికి నా ధైర్యం పోతుంది. అందుకే చేయలేదు. మీ అల్లుడు సెలవు పెట్టి బండి మీద వెళ్ళి పిండి, బెల్లం తెచ్చారు. పాత బియ్యమో కొత్త బియ్యమో దేవుడికే తెలియాలి. నేను చేసిన కుడుములు సగం పగిలాయి. అత్తయ్య వంటింటి గడపలో నిలబడి, "పిండిలో అన్ని నీళ్ళా? మీ నాన్న దగ్గర నేర్చుకున్నావా ఏం?" అన్నారు. సాయానికి రాలేదు. "చేస్తే చేశావు, వెనక గదిలో తలుపు వేసి కానిచ్చేయ్" అన్నారు.

పీట తీసుకెళ్ళి వాకిట్లో కానుగ చెట్టు కింద వేశాను. ఇక్కడ గాలి తిరిగితే కరెంటు ఫ్యాక్టరీ బూడిద పడుతుంది కదా, కుడుముల మీద తడిగుడ్డ కప్పాను. లహరికి ఎర్ర గౌను వేశాను. బడి బస్సు దిగిన పిల్లలు సంచులతో సహా వచ్చేశారు. వాళ్ళ అమ్మలు గేట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. లహరిని పీట మీద కూర్చోబెట్టి చెయ్యి తీసేశాను. కూర్చుంది నాన్నా. అంతమంది ముందు, తల ఎత్తి కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కటి ఎత్తుకుని కేకలు పెడుతుంటే అది చప్పట్లు కొట్టబోయింది.

అప్పుడే ఒక కుడుము కోసం వంగింది. పక్కకు పడిపోయింది.

కేకలు ఆగిపోయాయి. గేట్ల దగ్గర ఎవరో "అయ్యో పాపం" అన్నారు. మీ అల్లుడు ఎత్తుకోవడానికి ఉరికారు. నాకు కూడా దాన్ని లాక్కుని లోపలికి పరిగెత్తి తలుపు వేసుకోవాలనిపించింది. కానీ దాని మొహం చూశాను. ఏడవడం లేదు. పడ్డ చోటినుంచే చెయ్యి చాపుతోంది. "ఎత్తొద్దు, ఉండండి" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ ఆయనతో మాట్లాడలేదు. లహరి జరిగి జరిగి, కుడుము అందుకుని, పడుకునే నోట్లో పెట్టుకుంది. పూర్ణం బుగ్గంతా పూసుకుంది.

ఎదురింటివాళ్ళ పెద్దమ్మాయి రెండో తరగతి. "ఆంటీ, ఇది ఇలాగే తినాలా?" అని అడిగి, తనూ పక్కకు వాలి పడుకుని తినడం మొదలుపెట్టింది. ఇంకొకడు పడుకున్నాడు. ఆ తర్వాత వాకిలంతా యూనిఫారాలే. అమ్మలు బట్టలు మాసిపోతాయని మొత్తుకుంటున్నారు, ఒక్కడూ లేవడు. లహరి వాళ్ళందరినీ చూసి నవ్వింది చూడండి, నేనెప్పుడూ వినని నవ్వు అది.

అత్తయ్య లోపలినుంచి పెద్ద చాప తెచ్చారు. "బూడిదలో దొర్లుతారేంట్రా వెధవల్లారా, లేవండి" అని తిట్టి, చాప పరిచి, మళ్ళీ పడుకోమన్నారు. పగిలిన కుడుములు పళ్ళెంలో వేసుకుని గేటు గేటుకూ తిరిగి ఆవిడే పెట్టారు. ఎదురింటావిడతో ఏమన్నారో నాకు వినపడలేదు. ఆవిడ తల దించుకుని తీసుకుంది.

ఇప్పుడు చెప్పండి, ఎన్ని తిట్లు తిడతారో.

మీ
కుసుమ


గోరేబాళ క్యాంపు
25 ఆగస్టు, ఆదివారం

నన్ను మించిన నా కూతురు కుసుమకు,

తిట్టడమా! నీ ఉత్తరం పట్టుకుని హోటలుకు వెళ్ళి, బెంచీ ఎక్కి, మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాను. మీ అన్నయ్య కిందినుంచి పంచె లాగుతూనే ఉన్నాడు. పడిన చోట ఆపమన్నాడు. ఎందుకు ఆపాలి? అదే ఇంకా గట్టిగా చదివాను. ఎవరూ అయ్యో అనలేదు. పిల్లలంతా పడుకున్నారనగానే కాఫీ కలిపేవాడు గరిటె వదిలేసి నవ్వాడు. నేను మాత్రం ఏడ్చాను. సంతోషంతో, పెద్దగా, సిగ్గు లేకుండా.

ఇంటికి వచ్చి ఆలోచించాను తల్లీ. పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు చేస్తాం. కూర్చుంటే కుడుములు. అడుగులేస్తే అరిసెలు. కూర్చున్న పిల్ల పక్కకు పడి, పడ్డ చోటే తనకు కావలసింది తను అందుకుని తింటే ఏం వండాలి? మన పెద్దవాళ్ళు ఏదీ పెట్టలేదు. వాళ్ళకు అలాంటి మనవరాలు లేదు కాబోలు. నాకుంది. అందుకని నేను పెడుతున్నాను.

ఏం పెట్టాలో తేలక నేనూ మీ అమ్మా వాదులాడుకుంటుంటే నింగవ్వ గోడ మీదుగా తీర్పు చెప్పింది. "మీ కుడుము గుండ్రంగ కూసుంటది. మా కడుబు సగం చంద్రునిలెక్కుంటది, నిలవెట్టినా ఒరిగి పండుకుంటది. ఇంకేంది ఆలోచన? కడుబే చెయ్యాలె" అంది. మీ అమ్మ కూడా ఒప్పుకుంది. ఇద్దరూ ఇప్పుడే గోధుమపిండి తడుపుతున్నారు. నన్ను పొయ్యి దరిదాపులకు రానివ్వడం లేదు.

గుమ్మం తొక్కనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేపు పొద్దున దుర్గేశ్‌తో పాటే బయలుదేరుతున్నాం, నేనూ మీ అమ్మా, మధ్యలో బుట్టా. ఈ ఉత్తరం కూడా ఈసారి నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. కడుబుల బుట్ట చూస్తే దారి పొడవునా జనం మళ్ళీ అదే అనుకుంటారు. అనుకోనీ. సింధనూరులో ఒకరు అడుగుతారు, రాయచూరులో ఇంకొకరు అడుగుతారు. అడిగిన ప్రతివాడి చేతిలో ఒక కడుబు పెట్టి చెబుతాను, మా మనవరాలు పడింది బాబూ, అందుకు పండగ అని.

మీ
నాన్న